నీళ్లకు దారి వదిలిన కుట్టు: చిన్న తెరచాప పడవ కాక్‌పిట్ కుషన్ల కేస్ స్టడీ

ఒకే పడవకు మూడుసార్లు కుషన్లు కుట్టాల్సి వచ్చిన కేసు ఇది. మొదటి రెండు జతల్లోనూ కుట్టుపని శుభ్రంగానే ఉంది. లైను తిన్నగా ఉంది, మూలలు చక్కగా తిరిగాయి. అయినా ఒక జత నీళ్లు పీల్చి కుళ్లింది, ఇంకో జత అరటిపండులా వంకర తిరిగింది. సోఫా కుట్టేవాళ్లు కళ్లు మూసుకుని పాటించే రెండు నియమాలు ఇక్కడ తిరగబడ్డాయి. అవేమిటో, ఎక్కడ తిరగబడ్డాయో వివరంగా రాసిపెట్టాలనిపించింది. యజమానులను, పడవను గుర్తుపట్టే వివరాలు తీసేశాం. కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.

పడవ, మనుషులు, మిషను

22 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవ. చుక్కానికి చక్రం లేదు, టిల్లర్ ఉంది, అంటే చుక్కానిని తిప్పే పొడవాటి కర్ర. కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపేవాళ్లు కూర్చునే పల్లపు చోట, రెండు పక్కలా 190 సెం.మీ. పొడవున కూర్చునే బల్లలు. బల్ల వెడల్పు ముందువైపు 48 సెం.మీ.; బయటి అంచు మెల్లగా లోపలికి వంగుతూ వెనక చివర 38 సెం.మీ. దగ్గర ఆగుతుంది. వీపు ఆనించుకునే కోమింగ్ (కాక్‌పిట్ చుట్టూ లేచిన అంచు గోడ) నిటారుగా లేదు, పైకి పోయేకొద్దీ బయటికి వాలింది. కుడి బల్ల ముందు సగం కింద లాకర్ ఉంది. దాని మూత చుట్టూ 2 సెం.మీ. వెడల్పున నీళ్లు పోయే కాలువ.

యజమానులు ఇద్దరు. సెలవు రోజుల్లో ఐదారు గంటలు నీళ్ల మీద గడుపుతారు. ఇద్దరిలో ఒకరికి బట్టలు కుట్టడంలో ఏళ్ల అనుభవం ఉంది. ఇంట్లో ఉన్నది మామూలు కుట్టుమిషను. పై పొరను కూడా లాగే వాకింగ్ ఫుట్ దానికి లేదు.

మొదటి జత: నీళ్లు రాకుండా కుట్టాలన్న ప్రయత్నం

మొదటి జతను సలహా కోసం మా దగ్గరికి తెచ్చేసరికి అది ఒక సీజను వాడి ఉంది. ఫిర్యాదు నాలుగు రకాలు. వాన వెలిసి వారమైనా కూర్చుంటే బట్టలు తడుస్తున్నాయి. బూజు వాసన పోవడం లేదు. పై కుట్లు విడిపోతున్నాయి. టిల్లర్‌ను పూర్తిగా పక్కకు తిప్పితే కుషన్‌కు తగులుకుంటోంది.

లోపల 7.5 సెం.మీ. మందాన సోఫా ఫోమ్, అంటే గదులన్నీ ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉండే పాలీయురెథేన్. దాని చుట్టూ నాలుగు పక్కలా, అడుగున కూడా తెల్ల రెక్సిన్. రెక్సిన్‌లోంచి నీళ్లు దిగవు కాబట్టి ఫోమ్ తడవదన్నది వాళ్ల లెక్క. రెక్సిన్‌లోంచి దిగవన్న మాట నిజమే. కానీ 4 మి.మీ.కు ఒకటి చొప్పున సూది దిగిన ప్రతిచోటా రంధ్రం పడుతుంది. రెక్సిన్ పై పూత నేత కాదు, ఆ రంధ్రం మళ్లీ మూసుకోదు. దానికి తోడు కూర్చున్న మనిషి లేచినప్పుడు ఫోమ్ ఉబ్బుతూ గాలిని లోపలికి పీలుస్తుంది. కుట్టు మీద నీళ్లు నిలిచి ఉంటే గాలితోపాటు వాటినీ పీల్చేస్తుంది. మనిషి కూర్చుని లేచిన ప్రతిసారీ కుషన్ చిన్న పంపులా పని చేస్తోందన్నమాట. అలా లోపలికి పోయిన నీళ్లకు తిరిగి బయటికి వచ్చే దారి లేదు. రెక్సిన్ ఊపిరి తీసుకోదు, అడుగున చిల్లు లేదు.

ఎంత నీరు పడుతుందో లెక్క వేసి చూపాం. 95 × 45 × 7.5 సెం.మీ. ముక్క ఘనపరిమాణం సుమారు 32 లీటర్లు. సగం నిండినా 16 కిలోల బరువు. పడవ ఒక పక్కకు వాలినప్పుడు అంత బరువు జారి కాళ్ల మీద పడితే ప్రమాదమే.

విడిపోయిన కుట్ల సంగతి వేరు. పై అంచున అందం కోసం వేసిన రెండో వరుస దారాన్ని వేళ్లతో లాగితే పుటుక్కున తెగింది. అదే రీలు దారం లోపలి కుట్టులో గట్టిగా ఉంది. తేడా అంతా ఎండ వల్ల వచ్చింది. మామూలు నైలాన్ దారం ఎండలోని అతినీలలోహిత కిరణాలకు త్వరగా చచ్చిపోతుంది. ఇక జిప్పు రన్నరు లోహంది, తుప్పు పట్టి కదలనంది. అందుకే సీజనంతా కవరు తీసి ఫోమ్ ఆరబెట్టే వీలే లేకపోయింది.

రెండో జత: సరైన ఫోమ్, తప్పు కొలత

ఇవన్నీ చూశాక యజమానులు క్లోజ్డ్ సెల్ ఫోమ్‌కు మారారు. దీంట్లో గదులన్నీ విడివిడిగా మూసుకుని ఉంటాయి, నీళ్లు పీల్చదు. గుడ్డ కూడా మార్చి అక్రిలిక్ తీసుకున్నారు. రెండూ మంచి నిర్ణయాలే. కానీ కవరు కొలతను ఫోమ్ కంటే 12 మి.మీ. తక్కువ పెట్టారు. జిప్పును 43 సెం.మీ. పొట్టి అంచున వేశారు.

కవరును ఫోమ్ కంటే కాస్త చిన్నగా కత్తిరించడం సోఫా పనిలో సరైన పద్ధతే. మెత్తటి ఫోమ్ కవరులోకి నొక్కుకుని, మళ్లీ ఉబ్బి గుడ్డను బిగుతుగా నిలబెడుతుంది. ముడత రాదు. క్లోజ్డ్ సెల్ ఫోమ్ అలా నొక్కుకోదు. గుడ్డ 12 మి.మీ. తక్కువైతే ఫోమ్‌కు మిగిలిన దారి వంగడమే. రెండు చివరలూ పైకి లేచి, మధ్యభాగం మాత్రమే బల్లకు ఆనింది. ఎండెక్కాక ఇంకా వంగింది, ఎందుకంటే మూసుకున్న గదుల్లోని గాలి వేడికి వ్యాకోచిస్తుంది. పొద్దున చల్లటి వేళ సరిపోయినట్టు కనిపించిన కవరు మధ్యాహ్నానికి బిగుసుకుపోయేది.

పొట్టి అంచున ఉన్న జిప్పులోంచి దాదాపు మీటరు పొడవున్న బిరుసు ఫోమ్‌ను దూర్చేటప్పుడు జిప్పు చివరి కుట్టు చిరిగింది. దాన్ని రెండుసార్లు బాగుచేశారు. మూడోసారి గుడ్డే చిరిగింది. అప్పుడు మొత్తం మొదటినుంచీ ఆలోచిద్దామని కూర్చున్నాం.

మూడో జతకు ముందు తేల్చుకున్నవి

మొదట మందం తేల్చాం, గుడ్డ సంగతి తర్వాత. టిల్లర్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పి, దాని అడుగుకూ బల్లకూ మధ్య ఖాళీ కొలిస్తే 6.5 సెం.మీ. వచ్చింది. 7.5 సెం.మీ. కుషన్ తగులుకోవడం ఆశ్చర్యం కాదు. పడవను మలుపు తిప్పే క్షణంలో టిల్లర్ కుషన్‌ను పట్టుకుంటే మలుపు సగంలో ఆగిపోతుంది. కోమింగ్ ఎత్తు కూడా చూశాం. కుషన్ ఎంత మందమైతే వీపుకు ఆసరా అంత తగ్గుతుంది, బూమ్‌కు (తెరచాప అడుగు అంచును పట్టి ఉంచే అడ్డ దూలానికి) తల అంత దగ్గరవుతుంది. 5 సెం.మీ. దగ్గర ఆగాం.

మందం తేలాక ఫోమ్ ఎంపిక దానంతటదే తేలింది. కాక్‌పిట్‌కు పనికొచ్చే ఫోమ్‌లు ముఖ్యంగా రెండు. ఒకటి రెటిక్యులేటెడ్ ఫోమ్. దాని గదుల గోడలు తీసేసి ఉంటాయి, తేనెపట్టులా కనిపిస్తుంది, నీళ్లు పోస్తే సూటిగా కిందికి కారిపోతాయి. కూర్చోవడానికి అదే హాయి. కానీ అది మెత్తన, 5 సెం.మీ. మందంలో బరువైన మనిషి కూర్చుంటే బల్ల తగులుతుంది. 8–10 సెం.మీ. పెట్టుకునే చోటున్న పడవలకు మేం అదే చెబుతాం. ఇక్కడ చోటు లేదు. రెండోది క్లోజ్డ్ సెల్. అందులోనూ పాలీఇథిలీన్ రకం చవకే గానీ చెక్కలా ఉంటుంది, ఎక్కువసేపు నొక్కిన చోట గుంట పడి అలాగే ఉండిపోతుంది. నైట్రైల్–పీవీసీ మిశ్రమం కాస్త మెత్తన, వంగుతుంది. దాన్నే తీసుకున్నాం. 5 సెం.మీ. షీటు దొరక్కపోవడంతో 2.5 సెం.మీ. షీట్లు రెండు కాంటాక్ట్ జిగురుతో అతికించారు. జిగురు ఫోమ్‌ను కరిగిస్తుందేమో చూడటానికి ముందు చిన్న ముక్క మీద రాసి ఒక రాత్రి ఉంచారు. రెండు ముఖాలకూ రాసి, చేతికి అంటనంతగా ఆరాక అతికించాలి. ఒకసారి ముట్టుకుంటే మళ్లీ జరపడం కుదరదు. అందుకే మధ్యలో పాత వార్తాపత్రికలు పరిచి, ఒక చివరినుంచి వాటిని కొద్దికొద్దిగా లాగుతూ అతికించారు.

క్లోజ్డ్ సెల్ ఫోమ్ నీళ్లలో తేలుతుంది. దాన్ని చూసి ఈ కుషన్లను ప్రాణరక్షణ పరికరంగా లెక్కలో వేసుకోకూడదని యజమానులకు ముందే స్పష్టంగా చెప్పాం. పట్టుకోవడానికి పట్టీల్లేని, పరీక్షించి ధ్రువీకరించని కుషన్ ఆ పనికి రాదు.

తర్వాత ముక్కలు. 190 సెం.మీ. పొడవున ఒకే కుషన్ చూడ్డానికి బాగుంటుంది. కానీ లాకర్ మూత ఎత్తాలంటే మొత్తం తీయాలి, క్యాబిన్‌లో పెట్టాలంటే గుమ్మంలో తిరగదు. లాకర్ మూత 95 సెం.మీ. దగ్గర ముగుస్తుంది కాబట్టి అక్కడే విడగొట్టాం. పక్కకు రెండు, మొత్తం నాలుగు. ఎడమవైపు లాకర్ లేకపోయినా అక్కడా అంతే, దొంతరగా పేర్చడానికి వీలుగా.

గుడ్డ విషయంలో మొదటి జత నేర్పిన పాఠాన్నే పట్టుకున్నాం. కుట్టు ఉన్నచోట నీళ్లు లోపలికి వస్తాయి, ఆపలేం. కాబట్టి వచ్చినవి వచ్చినట్టే అడుగునుంచి పోవాలి. పైనా పక్కలా సన్‌బ్రెల్లా లాంటి అక్రిలిక్ కాన్వాస్. దీని రంగు నూలు తయారయ్యే ముందే కలిపి ఉంటుంది కాబట్టి ఎండకు పైపైన వెలిసిపోయేది కాదు. నీళ్లను చాలావరకు జారవిడుస్తుంది, ఆవిరిని బయటికి పోనిస్తుంది. అడుగున మొత్తం పీవీసీ పూత పూసిన పాలియెస్టర్ వల గుడ్డ. ఫోమ్‌కూ కవరుకూ మధ్య చేరిన నీళ్లు ఆ వలలోంచి దిగి బల్ల మీది కాలువలోకి పోతాయి. ఫోమ్ నీళ్లు పీల్చకపోతే వల ఎందుకని యజమానులు అడిగారు. మంచి ప్రశ్న. ఫోమ్ పీల్చకపోయినా దాని చుట్టూ కవరు సంచిలా నీళ్లు పట్టి ఉంచుతుంది. కూర్చున్నవాళ్లను తడిపేది ఆ నీళ్లే.

దారానికి అతినీలలోహిత కిరణాలను తట్టుకునే పాలియెస్టర్, వీ–69 మందం. వీ–92 ఇంకా మంచిదే, కానీ ఈ మిషను దాని టెన్షన్‌ను నిలబెట్టుకోలేకపోయింది. నాలుగు పొరల మీద కింద ముడులు పడ్డాయి. ఎండకు అసలు చెక్కుచెదరని పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ రకం) దారం అవసరమా అన్నదీ ఆలోచించాం. కుట్టంతా లోపలివైపే ఉండి, జిప్పు కోమింగ్ నీడలో ఉంటే ఎండ తగిలే దారం దాదాపు ఉండదు. అందుకని పైన అలంకారపు కుట్టు పూర్తిగా మానేసి పాలియెస్టర్‌తో సరిపెట్టాం. సూది 16 నంబరు, కుట్టు నిడివి 4 మి.మీ.

పైపింగ్, అంటే కుట్టులో ఇరికించే సన్నటి గుండ్రటి అంచు, కావాలని యజమానులకు మనసు పడింది. అది అందానికి మాత్రమే కాదు, అంచు అరుగుదలను తన మీద వేసుకుంటుంది కూడా. కానీ దానివల్ల రెండు పొరల కుట్టు నాలుగు పొరలవుతుంది, జిప్పు మడతలు కలిసే మూలల్లో ఎనిమిది దాకా పోతుంది. తుక్కు గుడ్డ మీద మూల ఒకటి కుట్టి చూస్తే మిషను కుట్లు వదిలేసింది. ఈ మిషనుతో వద్దని తేల్చాం. వాకింగ్ ఫుట్ ఉన్న మిషనైతే ఉంచేవాళ్లం.

నమూనా, కత్తిరింపు

బల్ల మీద పలచటి పారదర్శక ప్లాస్టిక్ షీటు పరిచి, అంచులు టేపుతో అతికించి, మార్కర్‌తో గీశారు. కొలతలు టేపుతో తీసి కాగితం మీద గీస్తే వంపులు తప్పుతాయి. కుడి, ఎడమ బల్లలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయనుకుంటాం. ఈ పడవలో వెనక భాగం దగ్గర 9 మి.మీ. తేడా వచ్చింది. అందుకే నాలుగు నమూనాలు విడివిడిగా తీసి, ప్రతిదాని మీదా ‘కుడి, ముందు, పైవైపు’ అని రాయించాం. ప్లాస్టిక్ పారదర్శకం కాబట్టి తిరగేసి పెట్టినా గీత కనిపిస్తుంది. అక్షరాలు తిరగబడి కనిపిస్తేనే తప్పు తెలుస్తుంది.

లాకర్ మూత వైపు, రెండు ముక్కలు కలిసే చోట నమూనాను 5 మి.మీ. లోపలికి గీశారు. కాలువ మీద కుషన్ ఒత్తుకుంటే నీళ్లు బల్ల మీదే నిలుస్తాయి.

కోమింగ్ వాలు లెక్క ఇలా. బల్ల దగ్గరా, దానికి 5 సెం.మీ. పైనా కొలిస్తే 15 మి.మీ. తేడా ఉంది. అంటే కుషన్ పై ముఖం అడుగు ముఖం కంటే ఆ అంచున 15 మి.మీ. వెడల్పు. రెండో జతలో ఫోమ్‌ను నిటారుగా కోయడంతో వీపు దగ్గర సందు మిగిలి, అందులో నీళ్లు, చెత్త చేరేవి. ఈసారి ఫోమ్ పైనొక గీత, కింద ఒక గీత గీసి, పొడవాటి పదునైన కత్తితో రెండింటినీ కలుపుతూ కోశారు. ఒక్క దెబ్బకు తెగాలని ఒత్తితే కత్తి పక్కకు పోతుంది. నాలుగైదు పొడవాటి కోతల్లో తెగాలి. ఏటవాలు పక్క పొడవు 50 మి.మీ. కాదు, సుమారు 52 మి.మీ. అవుతుంది. పక్క పట్టీ కత్తిరించేటప్పుడు ఈ 2 మి.మీ. గుర్తుండాలి.

మూలలు సూటిగా ఉంచకుండా 2.5 సెం.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేశారు. సూటి మూలలో గుడ్డ చెవిలా పొడుచుకొస్తుంది, అరిగేదీ ముందు అక్కడే.

ఇక కవరు కొలత. కుట్టాక కవరు ఫోమ్ కంటే పొడవునా, వెడల్పునా 3 మి.మీ. ఎక్కువ ఉండేలా చూశాం. కుట్టుకు అన్ని పక్కలా 12 మి.మీ. అంచు వదిలారు. మామూలు పక్క పట్టీ వెడల్పు 50 + 24 = 74 మి.మీ. జిప్పు పట్టీ రెండు ముక్కలు, ఒక్కోటి 63 మి.మీ.: కనిపించే సగం 38, లోపలికి మడిచేది 25. మడతలు రెండూ జిప్పు పళ్ల మీద ఎదురెదురుగా ఆని పళ్లను కప్పేస్తాయి. కలిపితే 76 మి.మీ., అంటే ఏటవాలు 52కు 24 కలిపినంత.

జిప్పు 5 నంబరు ప్లాస్టిక్ పళ్లది, రన్నరు కూడా ప్లాస్టిక్. కోమింగ్ వైపు 95 సెం.మీ. అంచంతా వేసి, రెండు మూలలూ తిరిగి మరో 10 సెం.మీ. చొప్పున పోనిచ్చాం. మొత్తం 115 సెం.మీ. ఎక్కువ అనిపిస్తుంది. బిరుసు ఫోమ్‌ను దూర్చాలంటే నోరు అంత తెరుచుకోవాల్సిందే.

గుడ్డ లెక్క: అక్రిలిక్ పన్నా 152 సెం.మీ. మొదటి వరుసలో మూడు పై ముక్కలు పక్కపక్కన సర్దుకున్నాయి. రెండో వరుసలో నాలుగో ముక్క, దాని పక్కన మిగిలిన మీటరు వెడల్పులో పట్టీలన్నీ నిలువుగా. ముందు కుషన్ చుట్టుకొలత 281 సెం.మీ.; అందులో జిప్పు 115 పోగా మిగతాదానికి 180 సెం.మీ. పట్టీ కత్తిరించి, చివర్లో అదనాన్ని తీసేశారు. పట్టీలను గుడ్డ పొడవునే కత్తిరించడం వల్ల మధ్యలో అతుకు రాలేదు. అడ్డంగా కత్తిరిస్తే 152 దగ్గర ఆగిపోయి, మోకాళ్లు తగిలే చోట అతుకు పడేది. మొత్తం 3 మీటర్లు సరిపోయింది. వల గుడ్డ 137 సెం.మీ. పన్నాలో 2 మీటర్లు. అక్రిలిక్ అంచు పోగులు లేస్తుంది కాబట్టి కత్తెరకు బదులు వేడి కత్తితో కోశారు. అంచు కరిగి అతుక్కుంటుంది, ఓవర్‌లాక్ అక్కర్లేదు.

కుట్టిన వరుస

ముందు జిప్పు పట్టీ. మడతలకు 6 మి.మీ. వెడల్పు రెండువైపులా అంటుకునే టేపు వేసి, జిప్పు మీద అతికించి, మడత అంచునుంచి 6 మి.మీ. దూరంలో కుట్టారు. టేపు జిగురు సూదికి పట్టి కుట్లు వదిలేస్తుంది. టేపును కుట్టు దారిలోంచి తప్పించి వేయాలి, మధ్యమధ్యలో సూదిని స్పిరిట్‌తో తుడవాలి.

జిప్పు పట్టీ ఒక చివరను మాత్రమే మామూలు పట్టీకి కలిపి, రెండో చివరను వదిలేశారు. చుట్టూ కుట్టుకుంటూ వచ్చి, ఆఖరి 10 సెం.మీ. ముందు ఆగి, అక్కడి కొలత పట్టి చివరలు కలపాలి. ముందే గుండ్రంగా కలిపేసి కుట్టడం మొదలుపెడితే ఐదు మిల్లీమీటర్లు ఎక్కువో తక్కువో తేలుతుంది, మొత్తం విప్పాలి.

గుండ్రటి మూలల దగ్గర పట్టీకి మాత్రమే 10 మి.మీ.కు ఒకటి చొప్పున 8 మి.మీ. లోతు కత్తెర గాట్లు పెట్టారు. పై ముక్కకు గాట్లు వద్దు. మూల తిప్పేటప్పుడు సూది గుడ్డలో దిగి ఉండగానే పాదం ఎత్తి, రెండు మూడు కుట్లకోసారి కొద్దిగా తిప్పాలి.

పై ముక్క కుట్టాక, అడుగు వల కుట్టే ముందు చేయాల్సినవి రెండు. ఒకటి, పై ముక్క మూలల నడిమి గుర్తులను మూలమట్టం పెట్టి పట్టీ అడుగు అంచుకు దించాలి. ఇది మానేస్తే కవరు మెలి తిరుగుతుంది. పైన మూల ఒకచోట, కింద అదే మూల సెంటీమీటరు పక్కన పడుతుంది. ఫోమ్ లోపల పెట్టేదాకా ఆ తప్పు కనిపించదు. రెండోది, జిప్పు సగం తెరవాలి. మూసి ఉన్న జిప్పుతో నాలుగు పక్కలా కుట్టేస్తే రన్నరు లోపల చిక్కుకుంటుంది.

మూడో జతలోనూ తప్పినవి

మొదటి కుషన్‌కు వల కుట్టి చూస్తే 95 సెం.మీ. నడకలో వల 11 మి.మీ. మిగిలింది. గుర్తులన్నీ సరిగ్గానే పెట్టారు. మిషను అడుగు పళ్లు కింది పొరను లాగుతాయి, పాదం పై పొరను వెనక్కి తోస్తుంది. పైన నున్నటి వల, కింద గరుకు అక్రిలిక్ ఉండటంతో తేడా ఇంకా పెరిగింది. విప్పించి రెండు మార్పులు చేశాం. వలను అడుగున, అక్రిలిక్‌ను పైన పెట్టారు. గుర్తులను 15 సెం.మీ.కు ఒకటి చేసి, గుర్తుకూ గుర్తుకూ మధ్య టేపుతో అతికించాకే కుట్టారు. ఆ తర్వాత తేడా 2 మి.మీ. దాటలేదు. పెద్ద కుషన్‌తో కాకుండా చిన్నదానితో మొదలుపెట్టి ఉంటే విప్పే బాధ తగ్గేదన్నది మా వైపు పొరపాటు. ఆ వరుస చెప్పింది మేమే.

ఫోమ్ దూర్చడం రెండో ఇబ్బంది. అక్రిలిక్ నేత ఫోమ్‌ను పట్టేసుకుంటుంది. ఫోమ్‌కు పలచటి ప్లాస్టిక్ కవరు తొడిగి, మధ్యకు వంచి, లోపలికి జారవిడిచి, ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ బయటికి లాగేశారు. లోపలే వదిలేస్తే నీటి దారి మూసుకుపోతుంది.

జారకుండా, ఎగిరిపోకుండా

రెండో జతలో బల్లకు అంటించిన వెల్క్రో ఎండకు జిగురు వదిలి ఊడింది, మిగిలిన కొక్కేల్లో నూగు చేరి పట్టు పోయింది. నొక్కుడు గుండీలు పెడదామన్నది యజమానుల ఆలోచన. దానికి బల్లలో రంధ్రాలు చేయాలి. ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య చెక్క ఉన్న నిర్మాణమైతే సరిగా మూయని ప్రతి రంధ్రం లోపలి చెక్క కుళ్లడానికి దారి. నాలుగు కుషన్ల కోసం పడవలో పదహారు రంధ్రాలు వద్దన్నాం.

25 మి.మీ. పాలియెస్టర్ పట్టీ 15 సెం.మీ. ముక్కలను సగానికి మడిచి, అడుగు కుట్టులో మడత బయటికి వచ్చేలా ఇరికించి, ఆ చోట మూడుసార్లు ముందుకూ వెనక్కూ కుట్టారు. కుషన్‌కు రెండు. వాటిలోంచి సన్నటి తాడు దూర్చి, కోమింగ్ మీద అప్పటికే ఉన్న క్లీట్‌లకు (తాడు చుట్టి కట్టే కొమ్ములకు) కట్టారు. ముందు, వెనక కుషన్లను ఒకదానికొకటి ప్లాస్టిక్ బకిల్‌తో కలిపారు. లాకర్ తెరవాలంటే బకిల్ నొక్కి ముందుది ఒక్కటే ఎత్తితే చాలు.

పరీక్ష, ఆ తర్వాత సీజను

పడవ మీదికి తీసుకెళ్లే ముందు ఒక కుషన్‌ను తూచి, దాని మీద 10 లీటర్ల నీళ్లు నెమ్మదిగా పోసి, పొడవాటి అంచు మీద నిలబెట్టి అరగంట తర్వాత మళ్లీ తూచారు. పొడిగా 2.4 కిలోలు, తర్వాత 2.9. ఆ అరకిలో గుడ్డలో నిలిచిన తడి. మర్నాటికి అదీ ఆరిపోయింది. టిల్లర్ ఏ కుషన్‌కూ తగల్లేదు.

హాయి విషయంలో మాత్రం రాజీ ఉంది. ఐదు గంటలు కూర్చుంటే ఈ ఫోమ్ గట్టిగానే అనిపిస్తుందని యజమానులు చెప్పారు. రెటిక్యులేటెడ్ ఫోమ్ మెత్తదనం దీనికి రాదు. క్లోజ్డ్ సెల్ ఫోమ్ ఒంటి వేడిని కూడా పోనివ్వదు, మధ్యాహ్నం వెచ్చగా తగులుతుంది. లేతరంగు గుడ్డ తీసుకోవడం వల్ల ఆ బాధ కొంత తగ్గింది.

సీజను చివర నాలుగు కవర్లూ విప్పి చూశాం. ఫోమ్ మీద బూజు లేదు. జిప్పు కుట్టు దారాన్ని గోటితో లాగితే గట్టిగా ఉంది. ఫోమ్ పొడవు 4 మి.మీ. తగ్గింది. ఈ రకం ఫోమ్‌కు కుదించుకుపోయే గుణం ఉంది, కవరు కాస్త వదులైంది. మొదటే కవరును ఫోమ్ కంటే 3 మి.మీ. పెద్దగా పెట్టడంతో వదులు ఇప్పుడు 7 మి.మీ.కు చేరింది. కళ్లకు కనిపించే ముడత ఉంది గానీ పనికి అడ్డం లేదు. గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బుతో ఉతికి, నీటిని జారవిడిచే ద్రవం మళ్లీ పూశారు.

ఎడమ వెనక కుషన్ ఒక్కటీ ఇంకా సరిగా కుదరలేదు. అక్కడ బయటి అంచు వంపు ఎక్కువ, జిప్పు పట్టీ మడతలు ఆ వంపుకు తిరగక రెండుచోట్ల ముడత పడ్డాయి. దానికి కొత్త కవరు కుట్టేటప్పుడు జిప్పును వంపు మొదలయ్యే చోటే ఆపి, ముందు మూల వైపు అదనంగా పోనివ్వమన్నాం. ఆ మాట ప్లాస్టిక్ నమూనా మీదే మార్కర్‌తో రాసి, చుట్ట చుట్టి లాకర్‌లో పెట్టారు.